మందు మార్చాలా, మోతాదు మార్చాలా: ఏడీహెచ్‌డీతో పాటు భయాలున్న ఏడేళ్ల పాప కేసు

పాపకి ఏడేళ్లు, రెండో తరగతి, బరువు 19.8 కిలోలు. తల్లిదండ్రులు నా దగ్గరికి తీసుకొచ్చేసరికి మందు మొదలుపెట్టి సుమారు మూడు నెలలైంది. మొదలుపెట్టింది వేరే ఊళ్లో మరో డాక్టరు. ఆయన ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతి చురుకుదనం, దుడుకుతనం ఉండే సమస్య) అని సరిగ్గానే పోల్చుకున్నారు, ఇచ్చిన మందూ సరైనదే: మిథైల్‌ఫెనిడేట్, పొద్దున 5 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5. స్కూలు నుంచి ఇంకా ఫిర్యాదులు వస్తుండటంతో పొద్దుటి డోసు 10కి పెంచారు. దాంతో స్కూల్లో అందరూ సంతోషించారు, ఇంట్లో అందరికీ బెంగ పట్టుకుంది.

"ఇల్లు పీకి పందిరేసే పిల్ల మేడమ్. ఇప్పుడు పెదవి మీద తోలు పీక్కుంటూ ఓ మూల కూర్చుంటోంది. సాయంత్రమైతే ఒకటే ఏడుపు. రాత్రి నన్ను వదలదు. పొద్దున లేస్తే కడుపునొప్పి. ఇదంతా ఈ మాత్ర వల్లే కదా?" అని తల్లి అడిగారు. తండ్రి ప్రశ్న ఇంకా సూటిగా ఉంది: "ఆపేద్దామా, వేరేది రాస్తారా?"

అప్పటికే వాళ్లకి మూడు వైపుల నుంచి మూడు సలహాలు అందాయి. ఇంత చిన్నపిల్లకి మందులేంటి, మానిపించెయ్యండి అని నాయనమ్మ. డల్లాస్‌లో ఉన్న మేనమామ కొడుకు గ్వాన్‌ఫసిన్ అనే మరో ఏడీహెచ్‌డీ మందు వాడుతున్నాడు, అదే అడగమని ఆయన ఫోను. భయాలకి విడిగా ఇంకో మాత్ర చేర్చమనండి అని తెలిసిన మెడికల్ షాపు ఆయన. మూడూ పిల్ల మీద ప్రేమతో చెప్పినవే, మూడింటికీ వైద్యంలో ఎక్కడో ఒకచోట ఆధారం ఉన్నదే. అందుకే ఏదీ తీసిపారేయకుండా ఒక్కొక్కటీ వాళ్లతో కలిసి బేరీజు వేశాను. ఆ బేరీజునే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. కుటుంబం అనుమతి ఉంది. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను. ఇందులోని డోసులు ఈ పాప బరువుకీ, ఈ పాప పరిస్థితికీ సంబంధించినవి. మరో పిల్లకి ఇవి పనికిరావు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏడీహెచ్‌డీ, ఆందోళన రెండూ ఉన్న చిన్నపిల్లల విషయంలో "ఏ మందు" అన్న ప్రశ్నకి ముందు "ఏ టైముకి" అన్న ప్రశ్న వెయ్యాలి. భయం రోజులో ఎప్పుడు వస్తోందో తెలియకుండా మందు మారిస్తే, చీకట్లో రాయి వేసినట్టే.

ముందు నుంచీ ఉన్నవి

మూడేళ్లప్పటి నుంచే పాప ముద్ద నోట్లో పెట్టుకుని వీధిలోకి పరిగెత్తేది. ఎల్‌కేజీలో స్కూలు గేటు దాటి వెళ్లిపోయింది. వాటర్ బాటిల్, రబ్బరు, ఐడీ కార్డు, వారానికి ఏదో ఒకటి పోవాల్సిందే. వచ్చిన లెక్కే సగం చేసి వదిలేస్తుంది. ఆటలో తన వంతు వచ్చేదాకా ఆగలేదు. ఇవి బడికే పరిమితం కాలేదన్నది ముఖ్యం. మనసులో భయం తిరుగుతున్న పిల్లలు కూడా పాఠం వినరు, పిలిస్తే పలకరు. బయటికి అది ఏడీహెచ్‌డీలాగే కనిపిస్తుంది. కానీ అలాంటి పిల్లలు భయం లేనిచోట, ఇష్టమైన ఆటలో, నిలకడగానే ఉంటారు. ఈ పాపకి అమ్మమ్మ ఇంట్లో బొమ్మలాటలోనూ నిలకడ లేదు. 6 నుంచి 9 ఏళ్ల పిల్లల కోసం మన దేశంలోనే తయారైన ఇన్‌క్లెన్ ప్రశ్నావళి, క్లాస్ టీచరు నింపిన వాండర్‌బిల్ట్ ఫారం, రెండూ ఏడీహెచ్‌డీ వైపే చూపించాయి. ఆ నిర్ధారణ మీద నాకు అనుమానం మిగల్లేదు.

ఇక భయాల సంగతి. యూకేజీ నుంచే ఒంటరిగా పడుకోదు. ఇంట్లో బాత్రూంకి వెళ్తే తలుపు బయట అమ్మ నిలబడి మాట్లాడుతూ ఉండాలి. స్కూలు బాత్రూంకి అసలు వెళ్లదు. సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఆపుకుంటుంది, అందుకోసం నీళ్లు తాగడం మానేసింది. సోమవారం బడి అంటే ఆదివారం రాత్రే కడుపునొప్పి మొదలు. అంతకు ముందు ఏడాది తాతయ్య నిద్రలోనే పోయారు. అప్పటి నుంచి "అమ్మా, నువ్వు కూడా నిద్రలో చచ్చిపోతావా?" అని అడగడం పట్టుకుంది. తల్లి ఇవన్నీ చెబుతూ చెబుతూ తనే ఆగి, "అంటే ఇవి మాత్రకి ముందువే కదండీ" అన్నారు.

చూపు, వినికిడి బాగానే ఉన్నాయి. గురక లేదు. హిమోగ్లోబిన్ 9.6, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) తక్కువ. ఐరన్ సిరప్ మొదలుపెట్టాం. రక్తహీనతతో నీరసపడిన పిల్లకి శ్రద్ధ మందు ఎంత పనిచేస్తోందో తేల్చడం కష్టం. తాతయ్య మరణం గురించి గుచ్చి గుచ్చి అడిగాను. డెబ్బై దాటిన మనిషి, పాత గుండె జబ్బు ఉంది. వంశంలో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు ఎవరూ లేరు. అయినా మేనరికం పెళ్లి కాబట్టి ఒక ఈసీజీ తీయించాను, నార్మల్. బీపీ, పల్సు కూడా వయసుకి తగ్గట్టే ఉన్నాయి.

నోటుబుక్కు

మందులో ఏ మార్పూ చెయ్యకుండా రెండు వారాలు ఒక నోటుబుక్కు రాయమన్నాను. అభిప్రాయాలు వద్దు, టైము వెయ్యండి అన్నాను. "సాయంత్రం మూడీగా ఉంది" అని రాస్తే నాకు ఉపయోగం లేదు. "4:40, బూట్లు విప్పమంటే ఏడుపు, అరగంట" అని రాస్తే ఉపయోగం. క్లాస్ టీచరు కూడా రోజూ డైరీలో మూడు లైన్లు రాయడానికి ఒప్పుకున్నారు. నలభై మంది పిల్లల మధ్య ఆవిడ ఆ మాత్రం చెయ్యడం చిన్న విషయం కాదు.

రెండు వారాల తర్వాత బుక్కు ముందు పెట్టుకుని కూర్చుంటే రోజంతా కలిసిపోయినట్టు కనిపించిన గొడవ విడివిడి ముక్కలుగా తేలింది. కడుపునొప్పి 7:15 ప్రాంతంలో. మాత్ర వేసేది టిఫిన్ తర్వాత, ఎనిమిదింటికి. మామూలు మిథైల్‌ఫెనిడేట్ మాత్ర పని చేసేది మూడు నాలుగు గంటలు. దాని అర్ధాయువు, అంటే రక్తంలో అది సగానికి తగ్గే టైము, రెండు మూడు గంటలే. ముందురోజు మధ్యాహ్నం వేసిన మాత్ర మర్నాడు పొద్దునకి ఒంట్లో లెక్కలోకి వచ్చేంత మిగలదు. కాబట్టి ఈ నొప్పి మాత్రది కాదు.

తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా టీచరు రాసినవి దాదాపు ఒకటే మాట: "చాలా బుద్ధిగా ఉంది, ఎవరితోనూ మాట్లాడలేదు." పెదవి పీక్కోవడం కూడా ఈ గంటల్లోనే. మాత్ర వేసిన ఒకటి రెండు గంటలకి రక్తంలో దాని మోతాదు గరిష్ఠానికి చేరుతుంది. టైము సరిగ్గా సరిపోయింది. 20 కిలోలు కూడా లేని పిల్లకి ఒకేసారి 10 మిల్లీగ్రాములు ఎక్కువైందని అనిపించింది. ఏడేళ్ల పిల్ల క్లాసులో రెండు గంటలు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటే దాన్ని నేను మందు ఫలితం అనుకోను, మందు ఎక్కువైన గుర్తు అనుకుంటాను.

మధ్యాహ్నం డబ్బా తెరిచినట్టే లేదు, అన్నం అలాగే తిరిగొస్తోంది. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు లోపు ఏడుపు. పన్నెండున్నరకి వేసిన మాత్ర దిగిపోయే టైము అది. మందు దిగేటప్పుడు కొందరు పిల్లల్లో చిరాకు, ఏడుపు ఒక్కసారిగా ఎగదన్నుతాయి. దానికి తోడు పొద్దున ఏడున్నర టిఫిన్ తర్వాత కడుపులో ఏమీ పడలేదు. ఆ ఆకలి మీద నేరుగా ట్యూషన్‌కి పంపుతున్నారు. ఇక రాత్రి తొమ్మిదింటికి "చచ్చిపోతావా" అన్న ప్రశ్న. అప్పటికి మాత్ర దిగి చాలా గంటలైంది.

ఇంకొకటి కూడా బయటపడింది, ఇది ఎవరూ ఊహించలేదు. పన్నెండు దాటగానే పాప చేతులు నలుపుకుంటోందని టీచరు రాశారు. అడిగితే తెలిసింది: మధ్యాహ్నం మాత్ర కోసం ఆయా క్లాసు గుమ్మంలో నిలబడి పేరు పెట్టి "టాబ్లెట్ టైమ్" అని పిలుస్తోంది. పక్కపిల్లలు "నీకేం జబ్బు?" అని అడుగుతున్నారు. ఆ పిలుపు ఎప్పుడొస్తుందోనన్న భయం అది.

ఇది జరుగుతుండగానే ఊళ్లో మందు దొరక్క ఐదు రోజులు ఆగిపోయింది. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి నిబంధనలున్నది. డాక్టరు చీటీ రెండు ప్రతులు రాయాలి, వాటిలో ఒక ప్రతిని షాపువాళ్లు రెండేళ్లు దాచాలి, అమ్మడానికి ప్రత్యేక లైసెన్సు ఉండాలి. అందుకే చిన్న ఊళ్లలో చాలా షాపులు పెట్టుకోవు. తండ్రి నాలుగు చోట్ల తిరిగి, ఒకచోట "ఇది మత్తుమందు, పిల్లకెందుకు?" అన్న మాట పడి, టెన్షన్‌తో నాకు ఫోన్ చేశారు. దుర్వినియోగం జరగకుండా పెట్టిన నిబంధన అది, పిల్లకి సరైన డోసులో వాడితే వ్యసనం అవుతుందన్న అర్థం కాదు అని చెప్పాను. ఈ మందుని ఇలాంటి డోసులో హఠాత్తుగా ఆపినా ప్రమాదం లేదు. కాబట్టి ఆ ఐదు రోజులూ బుక్కు మానకుండా రాయమన్నాను.

ఆ ఐదు రోజుల్లో పెదవి మానింది. అన్నం డబ్బా ఖాళీగా వచ్చింది. సాయంత్రం ఏడుపు దాదాపు లేదు. పొద్దుటి కడుపునొప్పి మాత్రం అలాగే ఉంది, రాత్రి ప్రశ్న అలాగే ఉంది, స్కూలు బాత్రూం గుమ్మం తొక్కలేదు. మెట్ల మీంచి దూకి మోకాలు చీరుకుంది, క్లాసులో ఒక్క పేజీ పూర్తి చెయ్యలేదు. ఇంతకంటే స్పష్టమైన జవాబు ఏ ల్యాబ్ పరీక్షా ఇవ్వదు. మాత్ర అవసరమే. మాత్ర వల్ల వస్తున్న ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. మాత్రకి సంబంధం లేని భయాలు కొన్ని ఉన్నాయి.

త్రాసులో పెట్టిన దారులు

పూర్తిగా ఆపడం. నాయనమ్మ మాట. ఆపితే సాయంత్రం ఏడుపు పోతుంది, కానీ పిల్ల రోజంతా తిట్లు తింటుంది. "కూర్చో, రాయి, దిగు" అని పొద్దస్తమానం వినే పిల్లకి భయం తగ్గదు. మందు పాత లేబుళ్లలో తీవ్రమైన ఆందోళన ఉన్నవాళ్లకి ఇది ఇవ్వకూడదని ఉండేది, తండ్రి ఇంటర్నెట్‌లో అది చదివారు. అది పాత జాగ్రత్త. 2015లో వచ్చిన ఒక మెటా-అనాలిసిస్‌లో (చాలా అధ్యయనాల్ని కలిపి వేసిన లెక్కలో) ఈ రకం మందులు వాడిన ఏడీహెచ్‌డీ పిల్లల్లో ఆందోళన డమ్మీ మాత్ర వాడినవాళ్ల కన్నా కొంచెం తక్కువే కనిపించింది. అది సగటు లెక్క. ఏ ఒక్క పిల్లలోనైనా ఆందోళన పెరగొచ్చు. అందుకే బుక్కు.

అటమోక్సెటిన్ అనే వేరే రకం ఏడీహెచ్‌డీ మందుకి మార్చడం. ఏడీహెచ్‌డీతో ఆందోళన కూడా ఉంటే చాలామంది డాక్టర్లు మొదట తలిచేది దీన్నే. కారణం ఉంది: ఇది రోజంతా నిలకడగా పని చేస్తుంది, ఎక్కడం దిగడం ఉండదు, ఆందోళన మీద కూడా కొంత మేలు చూపించిన పరిశోధనలున్నాయి. ఈ పాపకైతే 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, 18కి, ఆ తర్వాత 25 దాకా వెళ్లొచ్చు. కిలోకి 1.2 మిల్లీగ్రాములు గురి, 1.4 దాటకూడదు. కానీ పూర్తి ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మొదట్లో కడుపులో తిప్పడం, వాంతులు, మగత మామూలు. పొద్దున కడుపునొప్పితో బడికి భయపడే పిల్లకి కడుపులో తిప్పే మందు ఇస్తే ఏది భయం, ఏది మందు అని మళ్లీ చిక్కుముడి. ఆత్మహత్య ఆలోచనల గురించి 2005 నుంచి దీని లేబుల్ మీద అమెరికాలో పెట్టె కట్టిన హెచ్చరిక (అన్నిటికంటే గట్టి హెచ్చరిక) ఉంది. అరుదే, అయినా తల్లిదండ్రులకి చెప్పకుండా ఈ మందు రాయకూడదు. పైగా క్యాప్సూల్ విప్పి పొడి కలపకూడదు, పాపకి మింగడం రాదు. చేతిలో పనిచేస్తున్న మందు ఉండగా, దాని సరైన మోతాదు ఇంకా వెతక్కుండా దీనికి మారడం తొందరపాటు అనిపించింది. దీన్ని తర్వాతి మెట్టుగా ఉంచాను.

మేనమామ చెప్పిన గ్వాన్‌ఫసిన్. దీని లాంగ్ యాక్టింగ్ మాత్రకి అమెరికాలో 2009లో అనుమతి వచ్చింది, 6 నుంచి 17 ఏళ్ల వాళ్లకి. ఈ రకం మందుల్లో మా దగ్గర ఎక్కువ వాడేది క్లోనిడిన్. నిద్ర పట్టనివాళ్లకి, విపరీతమైన దుడుకుతనానికి పనికొస్తుంది. బీపీ తగ్గిస్తుంది, మగత తెస్తుంది, రోజూ తప్పకుండా ఇవ్వాలి, హఠాత్తుగా ఆపితే బీపీ ఎగబాకుతుంది. మందు దొరక్క ఐదు రోజులు ఆగిపోయే ఊళ్లో ఉన్న పిల్లకి ఇది నన్ను ఇబ్బంది పెట్టింది. అక్కడి అబ్బాయికి అది సరిపోయి ఉండొచ్చు, ఆ పోలిక ఇక్కడికి తేలేం అని మేనమామతో కూడా ఫోన్‌లో మాట్లాడాను. ఆయన అర్థం చేసుకున్నారు.

భయానికి విడిగా ఎస్ఎస్ఆర్ఐ మాత్ర (ఆందోళనకీ, దిగులుకీ వాడే ఒక రకం మందులు; సెర్ట్రలిన్, ఫ్లూక్సెటిన్ ఇందులోవే). ఇది పిల్లల ఆందోళనకి పనిచేసే మందే, సందేహం లేదు. పిల్లల ఆందోళనకి చికిత్సల్ని పోల్చి 2008లో వచ్చిన క్యామ్స్ అధ్యయనంలో 7 నుంచి 17 ఏళ్ల వాళ్లు 488 మంది. సెర్ట్రలిన్, సీబీటీ (ఆలోచనల్నీ, ప్రవర్తననీ మార్చుకోవడం నేర్పే, మాట్లాడి చేసే చికిత్స) కలిపి ఇచ్చినవాళ్లలో 81 శాతం మంది బాగా మెరుగయ్యారు. సీబీటీ ఒక్కటే అయితే 60 శాతం, మాత్ర ఒక్కటే అయితే 55, డమ్మీ మాత్రతో 24. మాట్లాడి చేసే చికిత్స ఒక్కటే మాత్రకి దీటుగా నిలిచింది చూడండి. ఏడేళ్ల పిల్లకి ముందు అదే ఇవ్వాలి. చిన్నపిల్లల్లో ఎస్ఎస్ఆర్ఐ మొదలుపెట్టిన తొలి వారాల్లో ఒక్కోసారి అల్లరి పెరిగి, నిద్ర తగ్గి, కాలు నిలవని స్థితి వస్తుంది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలో అది వస్తే జబ్బు ముదిరిందనుకుని ఇంకో మందు పెంచుతాం. ఇలా ఒకదాని వెనక ఒకటి చేరి మూడు మందులు పడుతున్న పిల్లల్ని చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది: ఫ్లూక్సెటిన్ లాంటిది ఇస్తే, తర్వాత అటమోక్సెటిన్ వాడాల్సి వచ్చినప్పుడు దాని మోతాదు రక్తంలో బాగా పెరుగుతుంది, లివర్‌లో దాన్ని విరిచే ఎంజైముని ఇది అడ్డుకుంటుంది కాబట్టి. ఎస్ఎస్ఆర్ఐ ఎప్పుడు ఇస్తానో తల్లిదండ్రులకి ముందే చెప్పాను: బడి పూర్తిగా మానేసే స్థితి వస్తే, భయంతో తిండీ నిద్రా పోతే, లేదా మాట్లాడి చేసే పని రెండు మూడు నెలలు గట్టిగా చేసినా కదలిక లేకపోతే. అప్పుడు సెర్ట్రలిన్ 12.5 మిల్లీగ్రాములతో.

మిగిలింది చిన్న దారి: పొద్దుటి డోసు మళ్లీ 5కి తగ్గించడం. మందులో ఒకసారికి ఒకటే మార్పు. తండ్రి కొంచెం నిరాశపడ్డారు. ఇంత దూరం వచ్చింది డోసు తగ్గించుకోవడానికా అన్న భావం ఆయన మొహంలో కనిపించింది. ఏది మార్చితే ఏది మారిందో మనకి తెలియాలి, అదొక్కటే నా ఉద్దేశం అని చెప్పాను.

డోసుతో పాటు మందు కాని మార్పులు కొన్ని. మాత్రకి ముందు కడుపు నిండా టిఫిన్, సాయంత్రం రాగానే ఇంకే మాటా లేకుండా తిండి: పెసరట్టో, పెరుగన్నమో, ఏది తింటే అది. ట్యూషన్ ఆరు తర్వాతే. సాయంత్రం ఏడుపు మొదటి వారంలోనే బాగా తగ్గింది. పెదవి పీక్కోవడం ఆగింది. టీచరు డైరీలో "మాట్లాడుతోంది" అన్న ఫిర్యాదు మళ్లీ కనిపించింది, అది చదివి నాకు సంతోషం వేసింది.

భయాల పని

ఏడీహెచ్‌డీ చికిత్సల్ని పోల్చి 1999లో వచ్చిన ఎంటీఏ అధ్యయనంలో 7 నుంచి 9 ఏళ్ల ఏడీహెచ్‌డీ పిల్లలు 579 మంది. వాళ్లలో మూడో వంతు మందికి ఆందోళన కూడా ఉంది. ప్రవర్తనా చికిత్స ఆ పిల్లలకే ఎక్కువ కలిసొచ్చింది. మా జిల్లాల్లో పిల్లలకి సీబీటీ చేసే శిక్షణ ఉన్నవాళ్లు చాలా తక్కువ, వారం వారం వందల కిలోమీటర్లు రమ్మనలేం. అందుకని పని తల్లిదండ్రుల చేతుల మీదుగానే చేశాం. పిల్లని కూర్చోబెట్టకుండా తల్లిదండ్రులతోనే చేసిన చికిత్స, పిల్లలతో నేరుగా చేసిన సీబీటీకి తీసిపోలేదని 2020లో యేల్ బృందం చూపించింది. ఇది మన ఊళ్లకి ఎంతో ధైర్యమిచ్చే విషయం.

రాత్రి ప్రశ్నకి తల్లి ప్రతిసారీ జవాబు చెప్పేవారు. "నేను చావను తల్లీ, నీకు నూరేళ్లు తోడుంటాను." ప్రతి జవాబుకీ పాప ఐదు నిమిషాలు ఊరట పడి మళ్లీ అడిగేది. ఇప్పుడు ఒక్కసారే చెప్పాలి, అదీ వేరేగా: "భయం మళ్లీ వచ్చిందన్నమాట. పొద్దున నీకు జడ నేనే వేస్తాను. పడుకో." తర్వాత ఆ ప్రశ్నకి జవాబు లేదు, వీపు మీద చెయ్యి మాత్రం ఉంటుంది. మొదటి వారం ఏడుపు పెరిగింది. పెరుగుతుందని ముందే చెప్పి ఉంచడం వల్లే ఆవిడ నిలబడగలిగారు. నాయనమ్మ తాయెత్తు కట్టించారు, నేను కాదనలేదు. నాయనమ్మ, పాప కలిసి పడుకునే ముందు ఒక్కసారి దండకం చదువుకోవడం నిద్రకి మంచి అలవాటుగా కుదిరింది. భయం వేసినప్పుడల్లా చదివించవద్దని మాత్రం నాయనమ్మని బతిమాలాను. అలా చేస్తే అది కూడా "చావను" అన్న జవాబులాంటిదే అయిపోతుంది. పెద్దావిడ ఒప్పుకున్నారు, మాట నిలబెట్టుకున్నారు.

స్కూలు బాత్రూం గురించి పాప నోటితో చెప్పలేదు, బొమ్మ వేసింది. బొమ్మలో తలుపు చిన్నది, గడియ చాలా పెద్దది. ఒకసారి గడియ బిగుసుకుపోయి లోపలే ఉండిపోయిందట, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తండ్రిది హార్డ్‌వేర్ షాపు. స్కూలుకి వెళ్లి చూసి, అలాంటి టవర్ బోల్టే ఒకటి తెచ్చి చెక్కకి బిగించారు. పాప దాన్ని వేస్తూ తీస్తూ ఆడింది. బిగుసుకుంటే కొంచెం పైకెత్తి లాగాలని ఆయన నేర్పించారు. అదే చెక్కని ఇంటి బాత్రూం లోపల పెట్టి మళ్లీ. తర్వాత స్కూల్లో: ఆయాతో కలిసి గుమ్మం దాకా, తలుపు తెరిచి ఉంచి లోపలికి, తలుపు మూసి గడియ లేకుండా, ఆఖరికి గడియతో. ఒక మెట్టు దగ్గర భయం సద్దుమణిగితేనే తర్వాతి మెట్టు. ప్రధానోపాధ్యాయురాలు అసలు గడియకి నూనె వేయించారు. అది ఆఖరి మెట్టు అయ్యాకే వెయ్యమని అడిగాను, పాప బిగుసుకున్న గడియనే తియ్యగలగాలి కాబట్టి. నీళ్ల బాటిల్ మళ్లీ ఖాళీగా ఇంటికి రావడం మొదలైంది. ఆ తర్వాత పొద్దుటి కడుపునొప్పి కూడా సోమవారాలకి పరిమితమైంది.

ఆయా పిలుపు సంగతి తేలిగ్గా తేలిపోయింది. భోజనానికి చేతులు కడుక్కునే చోట మాత్ర ఇవ్వడం మొదలుపెట్టారు, ఎవరి కంటా పడదు.

రెండో నిర్ణయం

సుమారు రెండు నెలలకి బరువు 20.3కి వచ్చింది, రాత్రి ప్రశ్న అప్పుడప్పుడే. కానీ క్లాసులో పని సగమే అవుతోంది. టీచరు ఫారంలో స్కోరు మందు లేనప్పటికంటే నయం, 10 మిల్లీగ్రాములు వాడినప్పటికంటే వెనక. ఇప్పుడు అటమోక్సెటిన్‌కి మారదామా అని తండ్రి అడిగారు. న్యాయమైన ప్రశ్న. నేను చూసింది వేరు: 5 చాలలేదు, 10 ఎక్కువైంది, మధ్యలో 7.5 ఉంది కదా. చిన్నపిల్లల్లో ఆ రెండున్నర మిల్లీగ్రాములు చాలా తేడా తెస్తాయి.

పొద్దున 7.5, మధ్యాహ్నం 5. ఈసారి టీచరుని అడిగిన ప్రశ్న మార్చాను. "కుదురుగా కూర్చుందా?" అని అడగలేదు. "పది, పదకొండు మధ్య నవ్విందా? పక్కపిల్లతో మాట్లాడిందా? పేజీ పూర్తయిందా?" అని అడిగాను. మూడింటికీ అవుననే వస్తే డోసు సరిపోయినట్టు. మొదటి వారం ఒక్క పేజీయే మెరుగు, మూడో వారానికి మూడూ కుదిరాయి. మధ్యాహ్నం అన్నం సగం తింటోంది. అది ఇంకా నాకు చాలదు, సాయంత్రం తిండి గట్టిగా కొనసాగిస్తున్నాం. ఎత్తు, బరువు మూడు నెలలకోసారి గ్రోత్ చార్టు మీద వేస్తున్నాం, బీపీ, పల్సు వచ్చిన ప్రతిసారీ.

రోజుకి ఒక్కసారే వేసే లాంగ్ యాక్టింగ్ మిథైల్‌ఫెనిడేట్ మాత్రకి మారాలన్నది నా కోరిక, కుటుంబం కోరిక కూడా. స్కూల్లో మాత్ర బెడద పోతుంది, దిగేటప్పటి కుదుపు తగ్గుతుంది. దాన్ని నలగ్గొట్టకూడదు, కొరకకూడదు, అలాగే మింగాలి. గొంతులో ఇరుక్కుంటుందని పాపకి భయం. ఇదీ భయమే, దీనికీ మెట్లే. ముందు సోంపు మిఠాయి ఒక్క పలుకు నాలుక వెనక పెట్టి నీళ్లతో. తర్వాత ఉడికించిన సగ్గుబియ్యం గింజ. తర్వాత సగ్గుబియ్యం రెండు గింజలు కలిపి. పాప దీన్ని ఆటగా తీసుకుంది, తమ్ముడికి నేర్పబోతే తల్లి ఆపారు. రెండు గింజల దగ్గర ఇప్పుడు బాగానే మింగుతోంది.

మారేది ఎప్పుడన్నది ఆలోచించే నిర్ణయించాం. మూడో తరగతికి కొత్త గది, కొత్త టీచరు. బడి తెరిచిన మొదటి రెండు మూడు వారాలు ఈ పాపకి భయాలు పెరిగే కాలం, అప్పుడు మందు మారిస్తే మళ్లీ ఏది దేని వల్లో తెలియదు. జూన్ ఆఖర్లో ఒక శనివారం 18 మిల్లీగ్రాముల మాత్రతో మొదలు, ఆ రెండు రోజులూ ఇంట్లో అమ్మానాన్నల కళ్ల ముందే ఉంటుంది. ఇది ఎక్కువ గంటలు పని చేస్తుంది కాబట్టి రాత్రి తిండి, నిద్ర పాడైతే వెనక్కి 7.5, 5కే వెళ్తాం. అక్కడ కూడా కుదరకపోతే అటమోక్సెటిన్ 10, రాత్రి భోజనం తర్వాత.

ఎన్నాళ్లు వాడాలని తల్లి అడిగారు. ఏళ్ల లెక్క ఇప్పుడే చెప్పలేను, కానీ ఏడాదికోసారి పరీక్షలు లేని రోజులు చూసి ఒక వారం ఆపి చూస్తాం, టీచరుకి చెప్పకుండా. ఆ వారం క్లాసు పనిలో తేడా కనిపించకపోతే మందు మళ్లీ మొదలుపెట్టం.